ఆ 68 మందిలో నీకు నచ్చిన పని ఎవరిది?

ప్రశ్న: సార్, నేను బెంగళూరులో బీఎస్సీ రెండో ఏడాది చదువుతున్నాను, ఫిజిక్స్, మ్యాథ్స్. మాది మదనపల్లె దగ్గర. నా చిన్నప్పుడే ఇక్కడికి వచ్చేశాం. నాన్న మారతహళ్ళిలో కర్రీ పాయింట్ నడుపుతారు. సాయంత్రాలు కౌంటర్‌లో నేను కూర్చుంటాను. గిరాకీ లేనప్పుడు ఫోన్‌లో భూమి గురించి, అంతరిక్షం గురించి వచ్చే కొత్త వార్తలన్నీ చదువుతాను. వేరే గ్రహం మీద జీవం జాడ, భూమి వైపు వస్తున్న గ్రహశకలం, భూమి లోపలి గోళం వెనక్కి తిరగడం, ఒకటని కాదు. చదివేటప్పుడు ఒళ్ళు పులకరిస్తుంది. నెల తిరిగేసరికి ఒక్కటీ గుర్తుండదు. పైగా ఇవాళ ఔనన్నది రేపు కాదంటారు, ఏది నమ్మాలో తెలియట్లేదు. నాది నిజంగా సైన్స్ మీద ఇష్టమేనా, వార్తల మీద మోజా? "ఇది కూడు పెడుతుందా" అని నాన్న అడుగుతారు. అక్క సాఫ్ట్‌వేర్‌లో ఉంది, నన్నూ ఎంసీఏ చేయమంటోంది. ఇంకొక్క మాట. నేను దాచుకున్నది పన్నెండు వేలుంది. టెలిస్కోప్ కొనుక్కోవచ్చా?
ఒక విద్యార్థిని, బెంగళూరు

జవాబు: అమ్మాయీ, నీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా నచ్చింది "ఇవాళ ఔనన్నది రేపు కాదంటారు" అన్న ఫిర్యాదు. వార్తల మోజు మాత్రమే ఉన్నవాళ్ళు దాన్ని పట్టించుకోరు, మరో వార్తకు వెళ్ళిపోతారు. నీకది ముల్లులా గుచ్చుకుంది. కాబట్టి అక్కడినుంచే మొదలుపెడదాం.

వేరే గ్రహం మీద జీవం జాడ అన్నావు. అది 2025 ఏప్రిల్‌లో వచ్చిన కె2-18బి వార్త అయ్యుంటుంది. ఆ గ్రహం మనకు 124 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అది తన నక్షత్రానికి అడ్డొచ్చినప్పుడు ఆ నక్షత్రపు కాంతిలో కొంత గ్రహం చుట్టూ ఉన్న వాయువుల గుండా మనవైపు వస్తుంది. ఏ తరంగదైర్ఘ్యం దగ్గర కాంతి ఎంత తగ్గిందో చూసి అక్కడ ఏ వాయువుందో చెబుతారు. జేమ్స్ వెబ్ టెలిస్కోప్ పంపిన అలాంటి కొలతల్లో డైమిథైల్ సల్ఫైడ్ గాని, దానికి దగ్గరి మరో పదార్థం గాని ఉన్నట్టుందని కేంబ్రిడ్జ్‌లోని నిక్కు మధుసూదన్ బృందం ప్రకటించింది. మన సముద్రాల్లో దాన్ని తయారుచేసేది ముఖ్యంగా సూక్ష్మజీవులే. శీర్షిక పెట్టడానికి అంత చాలు. కానీ అదే ప్రకటనలో ఇంకో సంగతి ఉంది. ఆధారం బలం మూడు సిగ్మాలు. అంటే అక్కడ ఏమీ లేకపోయినా కేవలం కాకతాళీయంగా అలాంటి సంకేతం కనబడే అవకాశం 0.3 శాతం. "కనుగొన్నాం" అనడానికి ఈ రంగంలో అడిగేది ఐదు సిగ్మాలు, అంటే 0.00006 శాతం లోపు. తర్వాత వేరే బృందాలు అవే కొలతలు తీసుకుని మరో పద్ధతిలో లెక్కగడితే సంకేతం బలహీనపడింది. ఆ పదార్థం 67పి అనే తోకచుక్క మీద కూడా ఉందని 2024లోనే తేలింది. తోకచుక్క మీద ప్రాణులు లేవు కదా.

మరి ఇక్కడ ఎవరు మాట తప్పారు? నా దృష్టిలో ఎవరూ తప్పలేదు. చెప్పినవాళ్ళు ఎంత నమ్మకంతో చెబుతున్నారో అంకెతో సహా చెప్పారు. కాదన్నవాళ్ళు అందరికీ తెరిచి ఉన్న కొలతలతోనే కాదన్నారు. మనదాకా వచ్చేసరికి ఆ అంకె రాలిపోయింది.

గ్రహశకలం సంగతీ అంతే. 2024 వైఆర్4ను చిలీలో ఉన్న అట్లాస్ టెలిస్కోప్ 2024 డిసెంబర్ 27న పట్టుకుంది. 2032 డిసెంబర్ 22న అది భూమిని తగిలే అవకాశం జనవరి చివరికి ఒక శాతం దాటింది, ఫిబ్రవరి 18కి 3.1 శాతానికి ఎక్కింది, తర్వాత వారం తిరక్కుండానే దాదాపు సున్నాకు పడిపోయింది. చూసేవాళ్ళకు ఇది నోటికొచ్చినట్టు చెప్పడంలా ఉంటుంది. లెక్క తెలిస్తే అలా అనిపించదు. కొత్తగా దొరికిన శకలం దారి మొదట్లో కచ్చితంగా తెలియదు. 2032లో ఆ రోజున అది ఈ పొడవాటి పట్టీలో ఎక్కడో ఉంటుంది అని మాత్రమే చెప్పగలరు. కొలతలు పెరిగేకొద్దీ పట్టీ కుదించుకుపోతుంది. కుదించుకుపోతున్న పట్టీలో భూమి ఇంకా ఉన్నంతకాలం, పట్టీలో భూమి వాటా పెరుగుతూ పోతుంది, అంటే శాతం పెరుగుతుంది. ఒక రోజు పట్టీ కొస భూమిని దాటి ఇవతలికి వస్తుంది. అంతే, శాతం ఒక్కసారిగా పడిపోతుంది. పెరిగి పడిపోవడం ఆ పద్ధతిలోనే ఉంది. రేపు మరో శకలం దొరికినా ఇదే జరుగుతుంది, అప్పుడు నువ్వు కంగారుపడవు.

అందుకే "ఏది నమ్మాలి" అన్న ప్రశ్న పక్కనపెట్టి, ప్రతి వార్త దగ్గరా "ఇది ఎలా తెలిసింది?" అని అడగమంటాను. భూమి లోపలి గోళం వెనక్కి తిరగడం మీద ఈ ప్రశ్న వేసి చూడు. భూమి నట్టనడుమ ఉన్న ఆ ఇనుప గోళం దాకా ఎవరూ పోలేరు కదా, ఎలా తెలిసింది? దక్షిణ అట్లాంటిక్‌లోని సౌత్ శాండ్‌విచ్ దీవుల దగ్గర ఒకే చోట, ఒకే తీరున మళ్ళీ మళ్ళీ వచ్చే భూకంపాలున్నాయి. ఏళ్ళ తేడాతో వచ్చిన జంట భూకంపాల తరంగాలు లోపలి గోళం గుండా వచ్చినప్పుడు ఒకేలా ఉన్నాయా, తేడా పడ్డాయా అని పోల్చారు. 2024లో నేచర్ పత్రికలో వచ్చిన ఆ పరిశోధన చెప్పిందేమిటంటే, 2010 ప్రాంతం నుంచి లోపలి గోళం పైనున్న మాంటిల్ అనే రాతి పొరతో పోలిస్తే కొంచెం నెమ్మదిగా తిరుగుతోందని. భూమితోపాటు అదే దిక్కున తిరుగుతూనే ఉంది. మనకంటే కాస్త వెనకబడుతోంది, అంతే. శీర్షిక చదివితే భూమి గుండె ఆగినంత పనైంది.

ఇక నెల తిరిగేసరికి మరిచిపోవడం. దానికి నీ జ్ఞాపకశక్తిని తప్పుబట్టకు. ఫలితం ఒక్కటే చదివితే ఎవరికీ గుర్తుండదు. రోజుకు పది వార్తలు చదవడం మానేసి, నెలకు ఒక్కటి పట్టుకో. దాన్ని మొదటినుంచీ చివరిదాకా, ఎవరు ఏ పని చేశారో తెలిసేదాకా వదలకు. ఎలా అంటావా, ఈమధ్య కాలంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఒకటి చెబుతాను.

2023 సెప్టెంబర్ 16న నేల కంపనాలను కొలిచే సీస్మోమీటర్లలో, ప్రపంచమంతటా, ఆర్కిటిక్ నుంచి అంటార్కిటికా దాకా, ఒక వింత సంకేతం మొదలైంది. భూకంపం వస్తే రకరకాల కంపనాలు కలగాపులగంగా వచ్చి, నిమిషాల్లోనో గంటల్లోనో తగ్గిపోతాయి. ఇది అలా లేదు. ఒకే ఒక్క స్వరం, దాదాపు 92 సెకన్లకొకసారి ఒక ఊపు, తొమ్మిది రోజులపాటు. ఇదేమిటో ఎవరికీ తెలియలేదు. సీస్మాలజీవాళ్ళు దానికి "గుర్తుతెలియని కంపన వస్తువు" అని పేరు పెట్టుకున్నారు. సరిగ్గా అదే సమయంలో, తూర్పు గ్రీన్‌లాండ్‌లో ఒక మారుమూల ఫియోర్డ్‌లో సునామీ వచ్చిందన్న కబురు మరోవైపు అందింది. ఫియోర్డ్ అంటే నిటారు కొండల మధ్యకు చొచ్చుకుపోయిన ఇరుకైన సముద్రపు పాయ. ఈ ఫియోర్డ్ పేరు డిక్సన్. అక్కడ 1.2 కిలోమీటర్ల ఎత్తున్న ఒక కొండ శిఖరం ముందు తీసిన ఫొటోలో ఉంది, తర్వాతి ఫొటోలో లేదు.

ఆ రెండు కబుర్లూ ఒకే సంఘటనవని తేల్చడానికి ఏడాది పట్టింది. 15 దేశాలు, 40 సంస్థలు, 68 మంది శాస్త్రజ్ఞులు. ఉపగ్రహ చిత్రాలు చూసేవాళ్ళు కొండ విరిగిన మచ్చను పోల్చుకున్నారు. కొండ పాదానికి ఆసరాగా ఉన్న హిమానీనదం దశాబ్దాలుగా కరిగి పలచబడిందని, అందువల్లే కొండ నిలవలేకపోయిందని తేలింది. రాయీ మంచూ కలిసి రెండున్నర కోట్ల ఘనమీటర్లు నీళ్ళలో పడ్డాయి. తీరంలో నీటి మరకలు ఎంత ఎత్తుదాకా ఉన్నాయో చూసినవాళ్ళు మొదటి అల 200 మీటర్లు లేచిందన్నారు. అక్కడికి 70 కిలోమీటర్ల దూరంలో, మనుషులు లేని ఒక పరిశోధన స్థావరం కూడా దెబ్బతింది. ఇక మిగిలింది తొమ్మిది రోజుల ప్రశ్న. నీళ్ళ లోతు, ఫియోర్డ్ ఆకారం కంప్యూటర్‌లో పెట్టి లెక్కగడితే తెలిసింది. బకెట్‌ను ఒక్క తోపు తోస్తే నీళ్ళు ఈ అంచుకీ ఆ అంచుకీ ఊగుతాయే, అలా ఆ అల బయటికి పోయే దారిలేక ఇరుకు పాయలో అడ్డంగా ఊగుతూ ఉండిపోయింది. మెల్లగా ఏడు మీటర్ల అలగా కుదురుకుని, దాదాపు 90 సెకన్లకొకసారి ఊగుతున్నట్టు లెక్కలో వచ్చింది. సీస్మోమీటర్లు చెప్పిందీ అదే. 2024 సెప్టెంబర్‌లో సైన్స్ పత్రికలో అచ్చయింది.

అప్పటికీ ఒక లోటు ఉంది. ఆ ఊగడాన్ని కళ్ళతో చూసినవాళ్ళు లేరు. సంఘటన జరిగిన మూడు రోజులకు డెన్మార్క్ సైనిక నౌక ఒకటి ఆ ఫియోర్డ్‌లోకే వెళ్ళి కూడా అలను గమనించలేదు. చివరికి సముద్ర మట్టాన్ని కొలిచే స్వాట్ ఉపగ్రహం పాత కొలతలు తిరగేస్తే, ఫియోర్డ్ ఒక ఒడ్డున నీళ్ళు ఎత్తుగా, ఎదుటి ఒడ్డున పల్లంగా ఉన్నట్టు దొరికింది. అది 2025లో వచ్చిన పరిశోధన. ఎక్కడో మంచు కరిగి కొండ కూలితే, మారతహళ్ళిలో నువ్వు కూర్చున్న కౌంటర్ కింద నేల కూడా, ఏ మనిషికీ తెలియనంత సన్నగా, తొమ్మిది రోజులు ఊగింది.

ఇప్పుడు నిన్నొకటి అడుగుతాను, తొందరపడకుండా ఆలోచించి జవాబు చెప్పు. ఈ కథలో నీ మనసు ఎక్కడ ఆగింది? అంతుచిక్కని ఆ ఒక్క స్వరం దగ్గరా? కొండ ఎందుకు విరిగింది, అడుగున మంచు ఎన్నేళ్ళుగా కరిగింది అన్నచోటా? ఫియోర్డ్‌ను సమీకరణాలుగా మార్చి కంప్యూటర్‌లో నీళ్ళు ఊపిన దగ్గరా? అసలు అంత సన్నని ఊపును పట్టగల పరికరాన్ని ఎవరు చేశారా అనిపించిందా? ఆ 68 మందిలో ఎవరి కుర్చీలో కూర్చోవాలని నీకనిపిస్తే, నీ ఇష్టం అటువైపుంది. ఏ కుర్చీ మీదకీ మనసు పోకుండా, కథ మాత్రం బాగుందనిపిస్తే అదీ మంచిదే. అప్పుడు నువ్వు మంచి పాఠకురాలివి. ఎంసీఏ చేసి, హాయిగా జీవితాంతం చదువుకో. అందులో చిన్నతనం ఏమీ లేదు.

కుర్చీ ఏదో తెలిస్తే మాత్రం, దాన్ని దగ్గరనుంచి చూడటానికి నువ్వున్న ఊరంత అనువైన ఊరు మన దేశంలో మరొకటి లేదని నా నమ్మకం.

లెక్కలమీద మనసుంటే ఐఐఎస్సీ భూవిజ్ఞాన కేంద్రం నుంచి 2023లో వచ్చిన ఒక పరిశోధన చదువు. శ్రీలంకకు దక్షిణాన హిందూ మహాసముద్రంలో గురుత్వాకర్షణ తక్కువగా ఉన్న పెద్ద ప్రాంతం ఉంది. అక్కడ సముద్ర మట్టం ఉండాల్సిన దానికంటే 106 మీటర్లు పల్లంగా ఉంటుంది. 1948లోనే కనుక్కున్నా కారణం మాత్రం తేలలేదు. దేబాంజన్ పాల్, అత్రేయీ ఘోష్ ఇద్దరూ 14 కోట్ల ఏళ్ళ వెనక్కి వెళ్ళి, అక్కడినుంచి భూమి లోపలి మాంటిల్ ఎలా కదిలి ఉంటుందో కంప్యూటర్‌లో మళ్ళీ మళ్ళీ నడిపి చూశారు. మన ఉపఖండానికీ ఆసియాకీ మధ్య ఒకప్పుడున్న టెథిస్ సముద్రపు అడుగు లోతుకు దిగి, ఆఫ్రికా కింద ఉన్న వేడి పదార్థాన్ని కదిపిందని, ఆ వేడి, తేలిక పదార్థం ఇటు వచ్చి చేరడమే కారణమని వాళ్ళ వాదన. దీనిమీద భిన్నాభిప్రాయాలూ ఉన్నాయి, అవి కూడా చదువు. ఐఐఎస్సీలో ఏడాదికోసారి ఓపెన్ డే పెడతారు. ఆ రోజు ఎవరైనా లోపలికి వెళ్ళి, పనిచేస్తున్నవాళ్ళనే నేరుగా అడగొచ్చు.

రాళ్ళమీద మనసుంటే లాల్‌బాగ్ పో. కెంపేగౌడ గోపురం ఉన్న ఆ బండ దాదాపు 300 కోట్ల ఏళ్ళనాటిది, జాతీయ భూవైజ్ఞానిక స్మారకం. వాకింగ్ చేసేవాళ్ళు దానిమీద కూర్చుని వేరుశనక్కాయలు తింటారు. దగ్గరగా వంగి చూస్తే తెల్లచారలు, నల్లచారలు మెలికలు తిరిగి కనిపిస్తాయి. ఆ రాయి ఒకప్పుడు భూమి లోతుల్లో వేడికీ ఒత్తిడికీ నలిగిన ఆనవాళ్ళవి. మీ మదనపల్లె చుట్టుపక్కల కొండలు కూడా ఇదే ధార్వార్ క్రేటాన్ అనే పురాతన భూఖండంలో భాగం. ఊరెళ్ళినప్పుడు ఆ కళ్ళతో చూడు.

పరికరాలమీదైతే, చంద్రయాన్-3 దిగిన 2023 ఆగస్టులోనే చంద్రుడి మట్టిలో గంధకం ఉందని చెప్పిన లిబ్స్ పరికరం పీణ్యాలోని ఇస్రో ప్రయోగశాలలో తయారైంది. మీకు ఇంకా దగ్గర హొసకోట. కేఆర్ పురం దాటి వెళ్తే భారత ఖగోళ భౌతిక సంస్థ క్యాంపస్ ఉంది. లద్దాఖ్‌లో హాన్లే దగ్గర 4500 మీటర్ల ఎత్తున ఉన్న హిమాలయన్ చంద్ర టెలిస్కోప్‌ను ఇక్కడ కూర్చుని ఉపగ్రహ లింకు ద్వారా నడుపుతారు. సూర్యుణ్ణి చూస్తున్న ఆదిత్య-ఎల్1లోని కరోనాగ్రాఫ్ (సూర్యుడి బయటి వాతావరణాన్ని చూసే పరికరం) భాగాలను కూర్చిందీ ఆ క్యాంపస్‌లోనే.

ఇవన్నీ చూడటం ఒకెత్తు, సొంతంగా చేయడం ఒకెత్తు. నువ్వు ఈ వారమే చేయగలిగింది ఒకటుంది. అమెరికా భూవైజ్ఞానిక సర్వే వెబ్‌సైట్‌లో ప్రపంచ భూకంపాల పట్టిక ఉచితంగా దొరుకుతుంది. ఒక ఏడాదిలో 4.5 తీవ్రతకు పైన వచ్చినవన్నీ దించుకో. 5 పైన ఎన్ని, 6 పైన ఎన్ని, 7 పైన ఎన్ని అని లెక్కబెట్టు. ఒక్కో మెట్టు ఎక్కినప్పుడల్లా సంఖ్య దాదాపు పదోవంతుకు పడిపోతూ ఉంటుంది. గూటెన్‌బర్గ్, రిక్టర్ కనిపెట్టిన సూత్రం అది. పుస్తకంలో చదివితే ఒక వాక్యం, సంఖ్యల లాగరిథమ్‌లు తీసుకుని నీ చేత్తో గీసిన గ్రాఫ్‌లో గీత తిన్నగా వస్తే దాని సంగతే వేరు. చంద్రయాన్, ఆదిత్య కొలతలు కూడా బ్యాలాలులోని ఇస్రో డేటా కేంద్రం వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేసుకుంటే ఎవరికైనా ఇస్తారు. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్ళిన నైసార్ ఉపగ్రహం భూమి నేలను 12 రోజులకొకసారి తిరిగి కొలవడానికే తయారైంది. ఆ కొలతలనూ అందరికీ తెరిచి ఉంచాలన్నదే ఒప్పందం. చూడటానికి మనుషులు చాలడం లేదు అనడం అతిశయోక్తి కాదు.

ఇక్కడే మీ అక్క మాట పనికొస్తుంది. ఆమెను అడిగి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకో. పై పనుల్లో చాలావాటికి అది కావాలి. ఒకవేళ ఈ దారి వదిలేసినా నేర్చుకున్నది వృథా పోదు.

నాన్నగారి ప్రశ్నకు దాటవేత జవాబు చెప్పకు. పగలంతా పొయ్యి దగ్గర నిలబడే మనిషి అడిగిన న్యాయమైన ప్రశ్న అది. ఉన్నదున్నట్టు చెప్పు. ఇది నిదానపు దారి. డిగ్రీ చివరి ఏడాది ఐఐటీ జామ్ రాసి ఎమ్మెస్సీకి గాని, ఐఐఎస్సీ ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకి గాని వెళ్ళాలి. పోటీ గట్టిగా ఉంటుంది. పరిశోధక విద్యార్థులకిచ్చే జేఆర్ఎఫ్ ఫెలోషిప్ వస్తే నెలకు 37 వేలు, పైన ఇంటద్దె భత్యం. అది ఉద్యోగం కాదు, కానీ ఇంటిమీద భారం పడకుండా చదువు సాగుతుంది. తర్వాత అందరికీ ప్రొఫెసర్ ఉద్యోగాలు రావు, అదీ చెప్పు. కానీ దారి ఒక్కటే కాదు. యూపీఎస్సీ పెట్టే జియో సైంటిస్ట్ పరీక్షలో జియోఫిజిసిస్ట్ పోస్టులకు ఫిజిక్స్ ఎమ్మెస్సీ వాళ్ళూ పోటీపడొచ్చు. హైదరాబాద్‌లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఎన్‌జీఆర్ఐ ఉంది. ఉపగ్రహ చిత్రాలతో పంటలు, నీళ్ళు, నేల లెక్కగట్టే ప్రైవేటు కంపెనీలు మీ ఊళ్ళోనే ఉన్నాయి. ఎంసీఏనా, ఎమ్మెస్సీనా అన్నది ఇప్పుడే తేల్చకు. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి డిగ్రీ పిల్లలకు వేసవి ఫెలోషిప్ ఇస్తాయి. రెండు నెలలు ఒక శాస్త్రజ్ఞుడి దగ్గర పని, చేతికి కొంత డబ్బు. దరఖాస్తులు వేసవికి చాలా ముందే, ఏడాది చివర్లోనే అయిపోతాయి, మరిచిపోకు. ఆ రెండు నెలలు విసుగు పుట్టించే పని చేశాక కూడా మర్నాడు పొద్దున మళ్ళీ వెళ్ళాలనిపిస్తే, నాన్నగారి ముందు కూర్చుని మాట్లాడు. అప్పుడు నీ మాటకు బలం ఉంటుంది. ఈలోగా నెహ్రూ ప్లానిటోరియంలో డిగ్రీ విద్యార్థుల కోసం నడిపే రీప్ తరగతుల గురించి కనుక్కో. నీలాంటి పిల్లలే అక్కడికి వస్తారు.

టెలిస్కోప్ ఇప్పుడే కొనకు. ఆ ధరలో వచ్చేవాటికి చాలావరకు స్టాండు గట్టిగా ఉండదు, బొమ్మ వణుకుతుంది, నాలుగు రోజులకే అటక మీదకు చేరుతుంది. పైగా మారతహళ్ళి దీపాల వెలుగులో అది చూపించేది తక్కువే. 10×50 బైనాక్యులర్ కొను, నీ డబ్బులో సగం లోపే వస్తుంది. పిట్టగోడ మీద మోచేతులు ఆనించి గురుగ్రహాన్ని చూడు. పక్కన నాలుగు చుక్కలు వరసలో కనిపిస్తాయి, కొన్ని రోజులు మూడే ఉంటాయి. మబ్బు లేని ప్రతి రాత్రీ వాటిని నోట్‌బుక్‌లో గీసి, పక్కన తేదీ, టైము వెయ్యి. 1610లో గెలీలియో చేసింది ఇదే. అన్నిటికన్నా దూరంగా పోయే చంద్రుడు ఒక చుట్టు తిరగడానికి రెండు వారాలు దాటుతుంది కాబట్టి కనీసం మూడు వారాలు గీయాలి. ఆ తర్వాత అది ఎన్ని రోజులకు చుట్టొచ్చిందో నీ బొమ్మల్లోంచే లెక్కగట్టి నాకు రాయి.